ఇంట్లో పులి, వీధిలో పిల్లి: కుటుంబ క్లౌడ్ సర్వర్ల వేగపరీక్షలు

ప్రవాస కుటుంబాల జ్ఞాపకాలు రెండు ఖండాలలో పోగుపడుతూ ఉంటాయి. పిల్లల అక్షరాభ్యాసం ఫొటోలు డల్లాస్‌లో ఉంటే, తాతగారి షష్టిపూర్తి వీడియో విజయవాడలో ఉంటుంది. అమ్మమ్మ పాడిన మంగళహారతుల రికార్డింగు వరంగల్లులో ఒక పాత ఫోనులో చిక్కుకొని ఉంటుంది. వీటినన్నిటినీ ఒక్కచోట చేర్చి, ఇరువైపులవారూ కావలసినప్పుడు చూసుకొనే ఏర్పాటు ఉండాలని కోరుకోవడం సహజం. వాణిజ్య సంస్థలు నిర్వహించే క్లౌడ్ ఖాతాలు ఈ పనిని సులువుగానే చేసిపెడుతున్నాయి. కాని అద్దె గదిలో దాచిన సామానుకు గది యజమాని షరతులే వర్తిస్తాయి. ఒకప్పుడు అనేక తెలుగు చర్చా బృందాలకు వేదికగా నిలిచిన యాహూ గ్రూప్స్, సభ్యులు దాచుకొన్న పాత సమాచారాన్ని తొలగించనున్నట్లు 2019లో ప్రకటించి, 2020 డిసెంబరులో పూర్తిగా మూతపడింది. ఫొటోలను పరిమితి లేకుండా ఉచితంగా దాచుకోనిచ్చిన గూగుల్ ఫొటోస్, 2021 జూన్ 1 నుండి ఆ సౌకర్యాన్ని ఉపసంహరించుకొన్నది. వీటిలో నేరమేమీ లేదు. యజమాని షరతులు మార్చుకొన్నాడు, అంతే.

ఈ కారణంగానే సొంత ఇంట్లో ఒక చిన్న కంప్యూటరును సర్వర్‌గా నిలిపి, మూలసంకేతం అందరికీ బహిరంగంగా లభించే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరుతో కుటుంబానికి సొంత క్లౌడ్ ఏర్పరచుకోవాలన్న ఆలోచన పెరుగుతున్నది. ఫ్రాంక్ కార్లిచెక్ 2010లో ప్రారంభించిన ఓన్‌క్లౌడ్, ఆయనే 2016లో దాని నుండి విడివడి నెలకొల్పిన నెక్స్ట్‌క్లౌడ్, ఫైళ్ళను ఖండాలుగా విడగొట్టి దాచే సీఫైల్, నడుమ సర్వర్ లేకుండానే ఒక యంత్రం నుండి మరొక యంత్రానికి ఫైళ్ళు చేరవేసే సింక్‌థింగ్ - ఇవన్నీ ఈ కోవలోనివి. ఏది ఎంచుకోవాలన్న ప్రశ్నకు సాధారణంగా లభించే సమాధానం ఒక్కటే: "ఏది వేగంగా ఉంటే అది." అందుకోసం వేగపరీక్షలు జరుపుతారు, పట్టికలు ప్రకటిస్తారు. ఆ పట్టికలలో అత్యధిక భాగం ప్రవాస కుటుంబానికి దారి చూపవు సరికదా, దారి తప్పించే ప్రమాదం కూడా ఉన్నది. అవి కొలుస్తున్నది ఒకటి, కుటుంబానికి కావలసినది మరొకటి.

ఒకే గదిలో జరిగే పోటీ

సాధారణమైన వేగపరీక్ష ఇట్లా సాగుతుంది. ఒక బల్లపై సర్వర్, పక్కనే మరొక కంప్యూటర్, రెంటికీ నడుమ రెండు గజాల నెట్‌వర్క్ తీగ. ఒక పెద్ద ఫైలును అటునుంచి ఇటు పంపి, సెకనుకు ఎన్ని మెగాబైట్లు సాగినవో లెక్కిస్తారు. ఒక గిగాబిట్ నెట్‌వర్క్‌కు సెకనుకు 125 మెగాబైట్లు పరమావధి. నాలుగు సాఫ్ట్‌వేర్‌లూ ఆ అవధి దరిదాపులకు చేరితే, ఆ పరీక్ష తీగను కొలిచినట్లే కాని సాఫ్ట్‌వేరును కొలిచినట్లు కాదు.

రసాయన గతిశాస్త్రంలో ఒక మౌలిక సూత్రమున్నది. అనేక దశలలో సాగే చర్య వేగాన్ని అన్నిటికన్న మందంగా నడిచే దశ నిర్ణయిస్తుంది. మిగిలిన దశలను ఎంత త్వరపరచినా ఫలితం మారదు. ఫైలు ప్రయాణానికి కూడా ఇదే వర్తిస్తుంది. హార్డ్ డిస్క్ చదవడం, ప్రాసెసర్ పని, సర్వర్ ఉన్న ఇంటి రౌటర్, సముద్రగర్భ కేబుల్, అవతలి ఇంటి వైఫై - ఇవన్నీ దశలే. 2016లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై 3 వంటి చౌక కంప్యూటరులో నెట్‌వర్క్ ద్వారమే సెకనుకు 100 మెగాబిట్లకు, అంటే 12.5 మెగాబైట్లకు పరిమితం. పూర్తి గిగాబిట్ ద్వారం 2019లో వచ్చిన నాలుగవ తరం యంత్రంతోనే సాధ్యమయింది. పాత యంత్రంపై ఏ సాఫ్ట్‌వేరును పరీక్షించినా ఆ ద్వారమే అడ్డుపడుతుంది. అది గమనించక, "ఈ సాఫ్ట్‌వేర్ మందకొడిది" అని తీర్పు చెప్పడం వండినవారిని వదలి వడ్డించినవారిని నిందించడం వంటిది.

ఒకే గదిలో నిర్ణాయక దశ ఒకటి. సముద్రం దాటేటప్పుడు నిర్ణాయక దశ మరొకటి. గదిలో గెలిచినది సముద్రం దాటిన తరువాత కూడా గెలుస్తుందన్న హామీ లేదు. "ఇంట్లో పులి, వీధిలో పిల్లి" అన్న సామెత ఈ సందర్భానికి చక్కగా సరిపోతుంది.

జాప్యమే అసలు కొలత

హైదరాబాదుకు న్యూజెర్సీకి నడుమ భూతలంపై దూరం సుమారు 13,000 కిలోమీటర్లు. గాజు తంతువులో కాంతి సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. ఒక సందేశం వెళ్ళి, దానికి బదులు రావడానికి 26,000 కిలోమీటర్ల ప్రయాణం; కనీసం 130 మిల్లీసెకన్లు పడుతుంది. కేబుళ్ళు తిన్నగా పోవు. తీరాల వెంబడి వంకరలు తిరుగుతాయి. మధ్యలో రౌటర్లు కొంత కాలం తీసుకొంటాయి. కనుక ఆచరణలో ఈ జాప్యం 200 మిల్లీసెకన్లు దాటడం సర్వసామాన్యం. లెక్క సులువుగా ఉండటానికి 250 మిల్లీసెకన్లు, అంటే పావు సెకను అనుకోవచ్చు. ఒకే గదిలోనైతే ఇది ఒక మిల్లీసెకనుకు మించదు. వెయ్యి డాలర్ల సర్వర్ కొన్నా, మెరుపు వంటి సాఫ్ట్‌వేర్ వ్రాసినా, కాంతి వేగాన్ని పెంచడం ఎవరి తరమూ కాదు.

పావు సెకను ఒక లెక్కలోనిదా అనిపించవచ్చు. అది ఎన్నిసార్లు ఎదురవుతుందన్నదే ప్రశ్న. ఇంటర్నెట్‌లో సమాచారాన్ని భద్రంగా చేరవేసే టి.సి.పి. పద్ధతిలో, పంపేవారు కొంత సమాచారం పంపి, "అందినది" అన్న రసీదు కోసం ఎదురుచూడవలసి ఉంటుంది. రసీదు రాకముందు ఎంత పంపవచ్చునన్నదానికి తొలి ప్రమాణాలలో 65,535 బైట్ల పరిమితి ఉండేది. పావు సెకనుకొకసారి అంతే పంపగలిగితే, కనెక్షన్ సామర్థ్యం ఎంత ఉన్నా వేగం సెకనుకు సుమారు 2.1 మెగాబిట్లకు మించదు. ఈ పరిమితిని సడలించే విధానాన్ని 1992లోనే ప్రమాణీకరించారు. నేటి కంప్యూటర్లన్నీ దానిని పాటిస్తున్నాయి. అయినప్పటికీ సెకనుకు 100 మెగాబిట్ల కనెక్షన్‌ను ఆ దూరంలో నిండుగా వాడుకోవాలంటే, మూడు మెగాబైట్లకు పైగా సమాచారం నిరంతరం దారిలో ఉండాలి. పైగా కొత్తగా మొదలైన ప్రతి కనెక్షన్ చిన్న అడుగులతో బయలుదేరి, రసీదు అందిన ప్రతి విడతకు వేగాన్ని రెట్టింపు చేసుకొంటుంది. తొలి విడతలో సుమారు 14,600 బైట్లు పంపడం నేటి వాడుక. ఆ లెక్కన నాలుగు మెగాబైట్ల ఫొటో ఒకటి పూర్తిగా చేరడానికి ఎనిమిది, తొమ్మిది విడతలు కావాలి. గదిలో అది కంటి రెప్పపాటు. సముద్రం మీదుగా రెండు సెకన్లకు పైమాట.

దారిలో కొన్ని ప్యాకెట్లు పోవడం కూడా సహజమే. సంప్రదాయ టి.సి.పి. వేగం జాప్యానికి విలోమానుపాతంలో ఉంటుందని 1997లో మాథిస్, ఆయన సహచరులు సూత్రీకరించారు. ప్యాకెట్ నష్టం అంతే ఉండి జాప్యం పదింతలైతే, సాధించగల వేగం పదవ వంతుకు పడిపోతుంది. 2016లో గూగుల్ పరిశోధకులు ప్రకటించిన బి.బి.ఆర్. వంటి పద్ధతులు ఈ బలహీనతను చాలావరకు తగ్గించినవి. వేగపరీక్షలో నిల్వ సాఫ్ట్‌వేర్ పేరుతోపాటు, దాని కింద పనిచేసే ఈ పద్ధతి పేరు కూడా చెప్పకపోతే, ఆ పరీక్ష ఫలితాన్ని మరొకరు తిరిగి సాధించలేరు. తిరిగి సాధించలేని ఫలితాన్ని ఏ ప్రయోగశాలా అంగీకరించదు.

పదివేల పుటలు, ఒక లెక్క

ఒక తెలుగు సంఘం తన పాత వార్షిక సంచికలను అక్షరీకరించి, పుటకొక ఫైలుగా భద్రపరచదలచిందని అనుకొందాం. యూనికోడ్‌లో, సాధారణంగా వాడే యు.టి.ఎఫ్-8 పద్ధతిలో, తెలుగు సంకేతం ఒక్కొక్కటి మూడు బైట్లు తీసుకొంటుంది. పుటకు మూడు వేల పైచిలుకు సంకేతాలంటే ఫైలు సుమారు పది కిలోబైట్లు. పదివేల పుటలకు మొత్తం 100 మెగాబైట్లు. సెకనుకు 20 మెగాబిట్ల కనెక్షన్‌పై కేవలం సమాచారం పోవడానికి పట్టేది 40 సెకన్లు.

అయితే ఒక్కొక్క ఫైలుకు ఒక్క అభ్యర్థన చొప్పున, ఒకదాని తరువాత ఒకటిగా పంపితే, పదివేల నిరీక్షణలు తప్పవు. గదిలో వాటి మొత్తం పది సెకన్లు. సముద్రం మీదుగా 2,500 సెకన్లు, అంటే నలభై నిమిషాల పైన. ఐదేసి ఫైళ్ళను ఒకేసారి పంపినా 500 సెకన్లు. అవే ఫైళ్ళు, అదే సర్వర్, అదే సాఫ్ట్‌వేర్. మారినది దూరమొక్కటే. ఇదే సమాచారాన్ని ఒకే మూటగా కట్టి పంపితే నిమిషం, రెండు నిమిషాలలో పని పూర్తి కావచ్చు. ఒక్క పెద్ద ఫైలుతో జరిపే పరీక్షలో ఈ తేడా అణుమాత్రమైనా కనిపించదు.

సాఫ్ట్‌వేర్‌ల నిర్మాణభేదం ప్రాముఖ్యం పొందేది ఇక్కడే. ఓన్‌క్లౌడ్, నెక్స్ట్‌క్లౌడ్ రెండూ వెబ్‌డావ్ అనే ప్రమాణంపై ఆధారపడినవి. 1999లో ఏర్పడిన ఆ ప్రమాణంలో సాధారణ వ్యవహారమంతా ఫైలు ఫైలుకూ విడివిడిగా సాగుతుంది. అనేక అభ్యర్థనలను ఏకకాలంలో నడిపి ఆ భారాన్ని తగ్గించుకోవలసి ఉంటుంది. సీఫైల్ ఫైలును ఖండాలుగా విభజించి, మారిన ఖండాలను మాత్రమే పంపుతుంది. మారిన భాగాన్నే పంపాలన్న ఈ ఆలోచనకు 1996లో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకరాస్ రూపొందించిన ఆర్‌సింక్ ప్రసిద్ధమైన పూర్వరూపం. సింక్‌థింగ్ కూడా ఖండాలుగానే పంపుతుంది. రెండు ఇళ్ళ రౌటర్లు నేరుగా కలవనీయనప్పుడు మాత్రం మధ్యవర్తి యంత్రం ద్వారా పోవలసి వచ్చి మందగిస్తుంది.

ఖండాల పద్ధతే శ్రేష్ఠమని వెంటనే తీర్మానించడం కూడా తొందరపాటే. పెద్ద ఫైలులో చిన్న మార్పు చేసి పంపే పరీక్షలో ఆ పద్ధతి అద్భుతంగా కనిపిస్తుంది. కాని కుటుంబ ఫొటోలు ఒకసారి తీసిన తరువాత మారవు. పెళ్ళి వీడియో మారదు. మారని ఫైలులో "మారిన ఖండం" అన్నది ఉండదు. కుటుంబ సేకరణలో అధికభాగం అటువంటి ఫైళ్ళే అయినప్పుడు, ఆ పరీక్షలో వచ్చిన గెలుపు ఆ కుటుంబానికి అక్కరకు రాదు. ఇంకొక సంగతి: నెక్స్ట్‌క్లౌడ్ సాధారణ అమరికలో ఫైళ్ళను డిస్క్‌పై మామూలు ఫైళ్ళుగానే ఉంచుతుంది; సర్వర్ పాడైనా డిస్క్ తీసి చదువుకోవచ్చు. సీఫైల్ ఖండాలుగా దాచినందువల్ల వాటిని తిరిగి కూర్చే సాధనం అవసరమవుతుంది. వేగాల పట్టికలో ఈ గడి ఉండదు. ఆపత్కాలంలో మొదట వెతకవలసిన గడి మాత్రం ఇదే.

పరీక్ష జరుపవలసిన పద్ధతి

నిజాయితీ గల పోలికకు ఖరీదైన సాధనాలు అవసరం లేదు, క్రమశిక్షణ కావాలి. రసాయన ప్రయోగశాలలో, పరీక్షించవలసిన పదార్థం వేయకుండానే ఒకసారి ప్రయోగం జరిపి, పరికరం ఏమి చూపుతున్నదో ముందుగా వ్రాసుకొంటారు. దానికి బ్లాంక్ పరీక్ష అని పేరు. ఇక్కడ కూడా నిల్వ సాఫ్ట్‌వేరుతో నిమిత్తం లేకుండా ఐపెర్ఫ్ వంటి ఉచిత సాధనంతో రెండు ఇళ్ళ నడుమ దారి సామర్థ్యాన్ని మొదట కొలవాలి. దారి ఇచ్చే వేగంలో సాఫ్ట్‌వేర్ ఎంత వంతు అందుకొన్నదో చెప్పినప్పుడే పోలికకు అర్థముంటుంది.

సముద్రం అవతల మరొక కంప్యూటర్ లేనివారు కూడా ఈ పరీక్ష జరుపవచ్చు. లినక్స్‌లో నెట్‌ఎమ్ అనే సదుపాయమున్నది. దానితో గదిలోని తీగకే పావు సెకను జాప్యాన్ని, కొంత ప్యాకెట్ నష్టాన్ని కృత్రిమంగా కలపవచ్చు. ప్రకటితమయ్యే ప్రతి పోలికలోను జాప్యం లేని వరుస ఒకటి, జాప్యం కలిపిన వరుస ఒకటి ఉండాలని పాఠకులు అడగడం న్యాయమే.

ఒకసారి కొలిచి ఊరుకోరాదు. రెండవసారి చదివిన ఫైలు డిస్క్ నుండి కాక సర్వర్ జ్ఞాపకశక్తి నుండి రావచ్చు. అప్పుడు వేగం అమాంతంగా పెరిగినట్లు కనిపిస్తుంది. ఒక సాఫ్ట్‌వేరును ఉదయం, మరొకదానిని సాయంత్రం పరీక్షిస్తే, కొలిచినది ఇరుగుపొరుగు ఇళ్ళలో సినిమాలు చూసేవారి రద్దీని. కనుక సాఫ్ట్‌వేర్‌లను వంతులవారీగా మార్చుతూ, కనీసం పదేసి మార్లు, రెండు దేశాల సాయంకాలాలలోను కొలిచి, మధ్యస్థ విలువతోపాటు కనిష్ఠ గరిష్ఠాలను కూడా ప్రకటించాలి. పరీక్షకు వాడే ఫైళ్ళు ఆ కుటుంబం దాచుకొనే రకానివే కావాలి: కొన్ని వందల ఫొటోలు, రెండు మూడు వీడియోలు, వేయి చిన్న ఫైళ్ళు. చివరగా, చేరిన ప్రతి ఫైలూ పంపినదానితో అక్షరాలా సరిపోయినదో లేదో ఎస్.హెచ్.ఎ-256 వంటి సరిచూపు సంఖ్యతో తేల్చుకోవాలి. వేగంగా చేరి, మధ్యలో చెడిన ఫైలు కంటే నెమ్మదిగా చేరిన మంచి ఫైలు మేలు.

పరిష్కారం ఏ వైపున?

ఇంత శ్రమ ఎందుకు, పెద్ద సంస్థలకు రెండు దేశాలలోను డేటా కేంద్రాలు ఉండగా వాటికే అప్పగించరాదా అని కొందరు ప్రశ్నిస్తారు. ప్రశ్న సమంజసమైనదే. అమెజాన్ క్లౌడ్ విభాగం 2016లో ముంబయిలోను, 2022లో హైదరాబాదులోను తన కేంద్రాలను ప్రారంభించింది. చూసేవారికి దగ్గరలో ప్రతి ఉంచడమే ఆ సంస్థల వేగ రహస్యాలలో ముఖ్యమైనది. డల్లాస్ ఇంట్లో ఉన్న ఒంటరి సర్వర్ విజయవాడలోని తాతగారికి ఆ వేగాన్ని అందించలేదు. పైగా అమెరికాలోని కేబుల్ కనెక్షన్లలో అప్‌లోడ్ వేగం డౌన్‌లోడ్ వేగంలో చిన్న భాగమే కావడం పరిపాటి. తాతగారు చూసే ప్రతి వీడియో ఆ ఇరుకు సందులోంచే రావాలి. తాతగారు నాలుగుసార్లు ప్రయత్నించి, చక్రం తిరగడం చూసి, ఫోను పక్కన పెట్టేస్తే, ఆ సర్వర్ ఎంత స్వతంత్రమైనదైనా కుటుంబానికి ఉపయోగపడినట్లు కాదు.

అయితే దగ్గరలో ప్రతి ఉంచడమన్నది పెద్ద సంస్థలకు మాత్రమే చెల్లే విద్య కాదు. డల్లాస్ ఇంట్లో ఒక చిన్న సర్వర్, విజయవాడ ఇంట్లో మరొకటి. రాత్రివేళ రెండూ ఒకదానితో ఒకటి సరిచూసుకొని కొత్త ఫైళ్ళను ఇచ్చిపుచ్చుకొంటే చాలు. విజయవాడ సర్వర్‌ను బయటి నుండి చేరుకోవడం కష్టం కావచ్చు. భారతదేశంలో అనేక ఇళ్ళకు కలిపి ఒకే బహిరంగ చిరునామా ఇచ్చే కనెక్షన్లు ఉన్నవి. అటువంటప్పుడు అక్కడి యంత్రమే చొరవ తీసుకొని డల్లాస్‌కు కనెక్షన్ కలుపుకొనేటట్లు అమర్చవచ్చు. అప్పుడు చూసేవారు ఎవరైనా తమ ఇంటిలోని ప్రతినే చూస్తారు. జాప్యం ఒక మిల్లీసెకను. సముద్రం మీది పావు సెకను జాప్యాన్ని నిద్రపోయే వేళలో యంత్రాలు భరిస్తాయి. పదివేల పుటలకు నలభై నిమిషాలు పడితే పడనీయవచ్చు. ఈ ఏర్పాటులో సాఫ్ట్‌వేర్‌ల మధ్య వేగభేదం దాదాపు అప్రధానమైపోతుంది. రెండు నగరాలలో రెండు ప్రతులుండటం వల్ల అగ్నిప్రమాదం, దొంగతనం, డిస్క్ వైఫల్యం వంటి ఆపదల నుండి రక్షణ అదనపు లాభం. ఒక హెచ్చరిక మాత్రం తప్పనిసరి: ఒకచోట పొరపాటున తొలగించిన ఫైలు రెండవచోట కూడా తొలగిపోయే ప్రమాదమున్నది కనుక, పాత రూపాలను కొంతకాలం నిలిపి ఉంచే అమరికను రెండు సర్వర్లలోను పెట్టుకోవాలి.

ఈ పని ఒక్కొక్క కుటుంబం ఒంటరిగా నెత్తిన వేసుకోవలసినది కాదు. తెలుగు సంఘాలలో కంప్యూటర్ నిపుణులకు కొదవ లేదు. సంక్రాంతి సంబరాలకు, వేసవి మహాసభలకు వెచ్చించే శ్రమలో ఒక చిన్న భాగం మళ్ళించి, నాలుగు ఓపెన్ సోర్స్ సర్వర్లను పైన చెప్పిన పద్ధతిలో నాలుగు నగరాల నుండి పరీక్షించి, ఫలితాలను ఇటువంటి సంచికలోనే ప్రకటించవచ్చు. పట్టికలో మొదటి గడి "సెకనుకు ఎన్ని మెగాబైట్లు" అని కాక, "వేయి ఫొటోలు విజయవాడ చేరడానికి ఎంతసేపు, అందులో ఎన్ని చెక్కుచెదరకుండా చేరినవి" అని ఉండాలి. ఆ పట్టికను చూసి నిర్ణయం తీసుకొనే కుటుంబం ఏ సాఫ్ట్‌వేరును ఎంచుకొన్నా పెద్దగా నష్టపోదు. అమ్మమ్మ పాట మాత్రం పాత ఫోను పాడైపోకముందే రెండు ఇళ్ళకూ చేరాలి. దానికి గడువు ఎంత మిగిలి ఉన్నదో చెప్పే పట్టిక ఎక్కడా లేదు.